దీపం ఆర్పేశాక కథలో ఏం మిగులుతుంది?

రెండేళ్ళ క్రితం నేనొక కథ వ్రాశాను. అందులో ఒకచోట "ఆమె లేచి దీపం ఆర్పింది" అనే వాక్యం ఉంది. దాని తర్వాత మూడు చుక్కలు, ఒక ఖాళీ పంక్తి, ఆపైన "తెల్లవారింది" అంటూ మొదలయ్యే పేరా. మన కథల్లో ఈ మూడు చుక్కలు మోసినంత బరువు మరే విరామచిహ్నమూ మోయలేదనుకుంటాను. పాత సినిమాల్లో రెండు పువ్వులు దగ్గరకొచ్చి తలలూపేవి. కథల్లో ఆ పని చుక్కలు చేస్తాయి. పాఠకుడికి అర్థమవుతుంది, రచయిత పరువూ నిలుస్తుంది. ఇద్దరికీ సౌకర్యమే. అప్పటికి నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

కథ విషయం చెప్పాలి. మా పాలమూరు ప్రాంతంలో వలస పోని ఇల్లు అరుదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ "పాలమూరు లేబరు" ఉండేవారని పెద్దలు చెబుతుంటారు. గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని పోయినవాళ్ళు పీర్ల పండక్కో దసరాకో తిరిగి వచ్చేవారు. నా కథలో ఒక మనిషి పూనా దగ్గర కాంక్రీటు పని చేసి, పదకొండు నెలల తర్వాత ఇల్లు చేరతాడు. ఆ రాత్రి దీపం ఆరుతుంది. తెల్లవారేసరికి భార్య పొయ్యి ముందు కూర్చొని ఏడుస్తుంటుంది. అతను మళ్ళీ పూనా బస్సు ఎక్కుతాడు. కథ ముగుస్తుంది.

ఆ కథను వనపర్తిలో ఉండే ఒక పెద్దాయనకు చూపించాను. పాలెం ప్రాచ్య కళాశాలలో చదువుకొని, తెలుగు పండితుడిగా పనిచేసి, పదవీ విరమణ చేసిన మనిషి. నొసటన విభూతి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ప్రబంధం. ఇలాంటి కథ ఆయనకు చూపించడానికే సందేహించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని, కాగితాలు రెండుసార్లు తిరగేసి, నేను ఊహించని ప్రశ్న వేశారు.

"ఏమయ్యా, ఆమె పొద్దుగాల ఎందుకు ఏడ్చింది?"

"అంటే సారూ... రాత్రి..."

"రాత్రి ఏమైంది?"

నేను తల దించుకున్నాను. ఆయన నవ్వలేదు.

"నువ్వు సిగ్గుపడి దీపం ఆర్పలేదు నాయనా. నీకు తెల్వక ఆర్పినవు. ఆ రాత్రి ఏమైందో నీకే తెల్వదు. తెల్వనిదానికి చుక్కలు పెట్టి, ఆమెను ఊకెనే ఏడిపించినవు."

వనపర్తి నుంచి గద్వాల వచ్చే బస్సులో ఈ మాట నా చెవిలో మోగుతూనే ఉంది. కథల్లో శృంగార సన్నివేశాలు అవసరమా అన్న ప్రశ్న అంతకుముందు కూడా విన్నాను. సాహిత్య సభల్లో అది నీతికి సంబంధించిన ప్రశ్నగా వినిపించేది. ఒకరు "సంస్కృతి" అంటారు, మరొకరు "స్వేచ్ఛ" అంటారు, ఇంకొకరు టీ వచ్చిందంటారు. ఆ ప్రశ్న కథకుడి పనితనానికి సంబంధించినదని నాకు మొదటిసారి తట్టింది ఆ బస్సులోనే.

*

ఈ విషయంలో మావాళ్ళకు సిగ్గు కొత్తగా వచ్చిందనడానికి సాక్ష్యం కోసం ఎంతో దూరం పోనక్కరలేదు. తుంగభద్ర ఒడ్డున అలంపురం ఉంది. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయాలు, అంటే పదమూడు వందల ఏళ్ళ నాటి రాతిపని. బడిలో చదివే రోజుల్లో మమ్మల్ని విహారయాత్రకు తీసుకుపోయారు. మా ఉపాధ్యాయుడు ఒక్కొక్క గుడి ముందు నిలబెట్టి శిఖరం గురించి, గవాక్షం గురించి వివరించి, మిథున శిల్పాలు వచ్చేసరికి "పదండి పదండి, ఎండెక్కుతున్నది" అని తొందరపెట్టారు. మేము ఎండను లెక్కచేయకుండా వెనకబడ్డామని వేరే చెప్పనక్కరలేదు.

అలంపురం మ్యూజియంలో ఒక లజ్జాగౌరి విగ్రహం ఉంది. శిరస్సు స్థానంలో పద్మం, ప్రసవానికి సిద్ధమైనట్టు మడిచిన కాళ్ళు. సంతానం కోసం స్త్రీలు కొలిచిన దేవత ఆమె. మేము పిల్లలం ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటూ నవ్వుతుంటే, అదే సమయానికి లోపలికి వచ్చిన ఒక ముసలమ్మ చెప్పులు బయట విడిచి వచ్చి, చేతులు జోడించి, కళ్ళు మూసుకొని నిలబడింది. మ్యూజియంలో అలా దండం పెట్టుకోవచ్చునో లేదో ఆమెకు తెలియదు, అక్కరా లేదు. మా నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఒకే రాయి. మాకు బూతు, ఆమెకు తల్లి. రాతిలో తేడా ఏమీ లేదు కదా.

ఈ తేడా గురించి మన చట్టానికీ ఒక అవగాహన ఉంది. అశ్లీల సాహిత్యాన్ని నేరంగా పరిగణించిన భారత శిక్షాస్మృతి 292వ సెక్షనులోనే ప్రాచీన కట్టడాల మీద, దేవాలయాల మీద చెక్కిన బొమ్మలకు మినహాయింపు ఉండేది. సాహిత్య, కళా ప్రయోజనాల కోసం ప్రజాహితమని రుజువైన రచనలకూ మినహాయింపు ఉంది. 2024 జూలై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడది 294వ సెక్షను, మినహాయింపులు కొనసాగుతున్నాయి. అంటే అలంపురం స్తంభానికి ఆ స్తంభమే రక్షణ. నేను అదే దృశ్యాన్ని కాగితం మీద పెడితే మాత్రం ప్రయోజనం ఏమిటో నేను చూపించాలి. మొదట్లో ఇది అన్యాయంగా తోచింది. ఇప్పుడాలోచిస్తే, కోర్టు సంగతి అటుంచి, ఆ ప్రశ్న కథకుడు తనకు తాను వేసుకోవలసినదే అనిపిస్తుంది. ఇది ఇక్కడ ఎందుకుంది?

*

మన పూర్వకవులకు ఈ ప్రశ్న లేదు. ఉండే అవకాశమూ లేదు. దండి చెప్పిన మహాకావ్య వర్ణనల పట్టికలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, జలక్రీడలతో పాటు రతోత్సవం కూడా ఒకటి. అష్టాదశ వర్ణనలు లేకపోతే అది ప్రబంధమే కాదు. వియోగం వచ్చిందంటే మన్మథుణ్ణీ చంద్రుణ్ణీ తిట్టవలసిందే, పెళ్ళి జరిగిందంటే పడకటింటి తలుపు తెరవవలసిందే.

మా ప్రాంతం ఈ సాహిత్యానికి పుట్టిల్లు కాకపోయినా మేనమామ ఇల్లు. గద్వాలకు "విద్వద్గద్వాల" అని పేరు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలను దర్శించి వెళ్ళినవారే. ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలోని జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి మాధవరాయలు స్వయంగా "చంద్రికా పరిణయం" అనే ప్రబంధం వ్రాశాడు. ఆ సంస్థానపు కవి ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితాలను "మల్లభూపాలీయం"గా తెలుగు చేశాడు. నీతి, వైరాగ్య శతకాలతో పాటు శృంగార శతకాన్నీ వదలలేదు. ఒకే కవి, ఒకే పుస్తకం, మూడు విషయాలు. మనం పాఠ్యపుస్తకాల్లో నీతిని మాత్రం ఉంచుకున్నాం.

అయితే ఒక నిజం ఒప్పుకోవాలి. నిర్బంధంగా వచ్చే వర్ణన తొందరగా పాతబడుతుంది. ప్రబంధాలు వరుసగా చదివినవారికి ఇది అనుభవమే. పది ప్రబంధాల్లో పది పడకటిళ్ళు, పదింటిలోనూ అదే చందనం, అవే గాజుల చప్పుళ్ళు. నాయిక పేరు మారుస్తే పద్యాలు అటువి ఇటు పెట్టవచ్చు. అవి అశ్లీలమని నేననను. ఉండితీరాలనే నియమం కొద్దీ ఉన్నాయంటాను. ఉండితీరాలనే నియమమూ, ఉండకూడదనే నియమమూ చేసే పని ఒక్కటే. రెండూ కవిని ఆలోచించే పని నుంచి తప్పిస్తాయి.

దీనికి ఎదురు ఉదాహరణ మనుచరిత్ర. ప్రవరుడు కాదని వెళ్ళిపోయాక వరూధిని విరహంలో ఉంటుంది. అంతకుముందు ఆమె తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుడి రూపం ధరించి వస్తాడు. తనను కలిసినప్పుడు కళ్ళు మూసుకోవాలని ఆమెకు షరతు పెడతాడు. ఎక్కడ తన అసలు రూపం బయటపడుతుందోనని అతని భయం. ఆ సమాగమంలోంచే స్వరోచి పుడతాడు, అతనికి పుట్టినవాడే స్వారోచిష మనువు. అంటే కావ్యం పేరే ఆ రాత్రి మీద ఆధారపడి ఉంది. మరి ఆ మూసిన కళ్ళు! ఒక స్త్రీ తాను ప్రేమించినవాడితో ఉన్నాననుకొని మరొకరి కౌగిట్లో ఉంది. మోసమంతా ఆ రెప్పల కింద జరుగుతోంది. పెద్దన అక్కడ చుక్కలు పెట్టి ఊరుకుంటే మనకు మిగిలేది ఒక వంశవృక్షం మాత్రమే.

మా వనపర్తి సారు చెప్పదలచుకున్నది ఇదేనేమో.

*

తెలుగులో ఈ తగవు బహిరంగంగా వచ్చింది 1910లో. తంజావూరును ప్రతాపసింహుడు ఏలిన కాలంలో, అంటే పద్దెనిమిదో శతాబ్దంలో, ముద్దుపళని అనే విదుషి "రాధికా సాంత్వనం" వ్రాసింది. అది 1887లోనే అచ్చయింది కాని, అందులో కొన్ని పద్యాలను వదిలేశారు. బెంగళూరు నాగరత్నమ్మ దాని పూర్తి ప్రతి సంపాదించి, పరిష్కరించి, వావిళ్ళవారి ద్వారా 1910లో వెలువరించింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిమందిరం కట్టించిన ఆ నాగరత్నమ్మే. కందుకూరి వీరేశలింగంగారు ముద్దుపళని శృంగారం స్త్రీ నోట రాదగనిదని అంతకుముందే ఆక్షేపించారు. మగకవుల కావ్యాల్లో లేని తప్పు ఈమెలో ఎలా వచ్చిందని నాగరత్నమ్మ పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధం తొలగి, వావిళ్ళవారు 1952లో మళ్ళీ అచ్చువేశారు. అంటే నలభై ఏళ్ళు ఆ రాధ గొంతు మూగబోయింది.

ఈ కథ చాలామందికి తెలిసిందే. తెలిసినవారు కూడా సాధారణంగా మాట్లాడేది నిషేధం గురించి. కావ్యంలో ఏముందో తక్కువ మాట్లాడతారు. రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. తొలిరాత్రి ఎలా మెలగాలో ఇళకు తానే చెబుతుంది, ఆ పిల్లతో సున్నితంగా ఉండమని కృష్ణుడికీ చెబుతుంది. ఆ తర్వాత తాను చేసిన పనికి తానే దహించుకుపోతుంది. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను సాంత్వనపరచవలసి వస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఆ తొలిరాత్రిని కత్తిరిస్తే రాధ దుఃఖానికి మూలమేది? కారణం లేకుండా ఏడ్చే స్త్రీ ఒకతె మిగులుతుంది.

నా కథలో పొయ్యి ముందు కూర్చున్నామె లాగ.

వీరేశలింగంగారిని నేను తక్కువ చేయడం లేదు. వితంతువుల కోసం ఆయన మోసిన నిందల్లో పదో వంతు కూడా మనం మోయలేం. కాని స్త్రీ బాధను అర్థం చేసుకున్న మనిషికి స్త్రీ కోరిక కొరుకుడు పడలేదు. మన కథకుల్లో చాలామంది ఇప్పటికీ ఆ గీత దగ్గరే ఉన్నారని నా అనుమానం. నేనూ అక్కడే ఉన్నాను. నా కథలో ఆమెకు ఏడుపు ఇచ్చాను. కోరిక ఇవ్వడానికి చేయి రాలేదు.

*

మా జిల్లా గురించి వ్రాస్తూ సురవరం ప్రతాపరెడ్డిగారిని తలవకపోతే పాపం. గద్వాల ప్రాంతపు మనిషి, 1926లో గోలకొండ పత్రిక పెట్టినవారు, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వ్రాసేటప్పుడు రాజుల శాసనాలతో సరిపెట్టుకోలేదు. క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి పుస్తకాల్లో తలదూర్చారు. ఇంట్లో ఆడపిల్లల కంటపడకుండా దాచిన పుస్తకాలవి. వాటిలోంచి ఆయన తిండి, బట్ట, నగలు, ఆటలు, వృత్తులు, అంగళ్ళు ఏరి తెచ్చారు. ఆ చరిత్రకే 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

శృంగార సాహిత్యాన్ని సమర్థించేవారు ఈ ఉదాహరణ ఎత్తుకొని సంబరపడతారు. నేనూ పడ్డాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఇది మన వాదానికి అంతగా పనికిరాదని తెలిసింది. ప్రతాపరెడ్డిగారు ఆ పుస్తకాల్లో తీసుకున్నది పడకను కాదు, పడక చుట్టూ ఉన్న ఊరిని. ఆ సన్నివేశాలు లేకున్నా హంసవింశతిలోని వృత్తుల జాబితా ఉండేదే. కాకపోతే ఒక సంగతి ఉంది. ఏది వ్రాయవచ్చు, ఏది వ్రాయకూడదు అని అడుగడుగునా బెదిరే కవి కల్లుపాకలోకి, పూటకూళ్ళ ఇంటిలోకి, వీధి అరుగు మీదికి కూడా పోడు. భయం ఒక్క గది తలుపే మూసి ఆగదు. ఇల్లంతా మూస్తుంది. అంతవరకు మాత్రం ఆ ఉదాహరణ మనదే.

ఇక చలం. 1927లో వచ్చిన మైదానం పేరెత్తితే బూతు పుస్తకమనే తలంపు ఇప్పటికీ ఉంది. నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో గ్రంథాలయంలో ఆ పుస్తకం తీసుకొని, పైన చరిత్ర పుస్తకం అట్ట వేసుకొని, మిద్దె మీద కూర్చొని చదివాను. ఏదో దొరుకుతుందని పుట పుటా గాలించాను. దొరకలేదు. నిరాశపడ్డానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గులేదు. అందులో శరీర వర్ణన పేరుకు తగినంత కూడా లేదు. ఉన్నది రాజేశ్వరి గొంతు. వకీలు భర్తను విడిచి అమీరుతో వెళ్ళిపోయిన స్త్రీ తన సుఖాన్ని తానే చెప్పుకోవడం, దానికి ఎవరినీ క్షమాపణ అడగకపోవడం. జనాన్ని కలవరపెట్టింది అది. వివరాల లెక్కకూ సన్నివేశపు బలానికీ సంబంధం లేదని నేను నేర్చుకున్న పాఠం ఆ మిద్దె మీదిదే, అర్థమయ్యేసరికి మాత్రం ఇరవై ఏళ్ళు పట్టింది.

*

అవతలి పక్షం వాదన కూడా చెప్పాలి. అది బలమైనది.

శృంగార సన్నివేశం పేరుతో మన పత్రికల్లో వచ్చిన దానిలో ఎక్కువభాగం మగవాడి చూపే. స్త్రీని పైనుంచి కిందికి అంగాంగం కొలవడం, ఆమెకు మనసున్న సంగతి చివరి వాక్యంలో గుర్తురావడం. అంతకంటె ఘోరం మరొకటి. దొరల దౌర్జన్యాల మీద వచ్చిన మన కథల్లో, సినిమాల్లో అత్యాచార దృశ్యాన్ని కొందరు వర్ణించిన తీరు గమనించారా? రచయిత ఉద్దేశం దొర మీద కోపం తెప్పించడమే. కాని వాక్యాలు మాత్రం చిరిగిన రవిక దగ్గరే తచ్చాడుతుంటాయి. చదివేవాడు ఎవరి కళ్ళతో చూస్తున్నాడు? దొర కళ్ళతోనే. ఆమె ఏం వింటోందో, గోడ మీద దేన్ని చూస్తూ ఉండిపోయిందో ఒక్క ముక్క ఉండదు. అలాంటిచోట నేను మూడు చుక్కల పక్షమే. అక్కడ చుక్కలు పిరికితనం కాదు, మర్యాద.

అంచేత "అవసరమా" అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పేవారిని చూస్తే నాకు భయం. లేడీ ఛాటర్లీస్ లవర్ అమ్మినందుకు బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీకి పడ్డ శిక్షను 1964లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అదే నవల మీద ఇంగ్లండులో జరిగిన విచారణలో 1960లోనే జ్యూరీ ప్రచురణకర్తను నిర్దోషి అన్నది. 2014లో అవీక్ సర్కార్ కేసులో మన సుప్రీంకోర్టు కూడా పాత కొలబద్దను పక్కనపెట్టి, సమకాలీన సమాజ ప్రమాణాలతో, మొత్తం సందర్భంలో చూడాలన్నది. ముక్క తెంపి చూడవద్దు, మొత్తం చూడమని. న్యాయమూర్తులు ఇంతకాలానికి వచ్చిన చోటికి మంచి పాఠకుడు ఎప్పుడూ ఉన్నాడు.

పొరుగున తమిళనాట పెరుమాళ్ మురుగన్‌కు ఎదురైంది గుర్తుందా? పిల్లలు లేని దంపతుల కథ, ఒక తిరునాళ్ళ రాత్రి. 2010లో వచ్చిన నవల మీద కొన్నేళ్ళకు గొడవ లేచింది. తమ ఊరినీ తమ ఆడవాళ్ళనూ అవమానించాడన్నారు. 2015 జనవరిలో తనలోని రచయిత మరణించాడని ఆయన ప్రకటించవలసి వచ్చింది. 2016లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. ఆ రాత్రి లేకుండా ఆ నవల లేదు. అదే సమయంలో, ఊరు నిజం, మనుషులు నిజం. ఈ రెండో సంగతి నాకు ఆనాడు అంతగా పట్టలేదు. తర్వాత పట్టింది.

ఎందుకంటే నా కథలోని స్త్రీ ఊహ కాదు. ఆమె మా చిన్నమ్మ.

*

నాగర్‌కర్నూలు నుంచి అచ్చంపేట పోయే దారిలో వాళ్ళ ఊరు. పేరు చెప్పను. చిన్నాయన పూనాలో పనిచేసిన రోజులు, ఆయన వచ్చిపోవడాలు నేను చిన్నప్పుడు కళ్ళారా చూసినవే. ఒక ఉదయం చిన్నమ్మ పొయ్యి ముందు కూర్చొని కళ్ళు తుడుచుకోవడం చూశాను. నా కథ మొత్తం ఆ ఒక్క దృశ్యం మీద కట్టిన ఇల్లు.

వనపర్తి నుంచి వచ్చాక కథ తిరగ వ్రాయబోయాను. మొదటి ప్రయత్నంలో ఎనిమిది పేజీలు వచ్చాయి. చదువుకుంటే నాకే అసహ్యం వేసింది. అందులో ఒక్క వాక్యమూ వాళ్ళిద్దరిది కాదు, అంతా నేను అక్కడా ఇక్కడా చదివిందే. ప్రబంధపు చందనానికి బదులు సినిమా వాన, అంతే తేడా. చింపేశాను. రెండోసారి ఒక పేజీ. అదీ చింపేశాను. అప్పుడు మా ఇంటావిడ అన్నది, "తెలియకపోతే అడగవచ్చుగా." ఎవరిని అడగను? చిన్నమ్మను అడిగే నోరు నాకెక్కడిది?

నేను అడగలేదు. దసరాకు వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, ఆడవాళ్ళంతా వంటింట్లో ఉండగా, మా ఇంటావిడ కథ సంగతి చెప్పి, మొదటి ప్రతిని చిన్నమ్మకు చదివి వినిపించింది. నేను బయట వేపచెట్టు కింద చిన్నాయనతో కూర్చొని వానల గురించి మాట్లాడుతున్నాను. లోపలినుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

తిరుగు ప్రయాణంలో మా ఇంటావిడ చెప్పింది. చిన్నమ్మ అన్న మాటలు ఇవి:

"నేనెప్పుడు ఏడ్చిన? పచ్చికట్టెల పొగ అది. ఆ రాత్రి మేము నిద్రే పోలే. ఆయన చేతులు సిమెంటుకు పగిలి, ముట్టుకుంటే ఈత మట్టలు గీసుకున్నట్లుండె. నొప్పి పెడుతదని ఆయననే చేతులు ఎన్కకు పెట్టుకున్నడు. నేను ఆముదం కాచి రాసిన. రాసుకుంట రాసుకుంట నవ్వొచ్చింది. మొగోడు ఇంటికొచ్చి చేతులు ఎన్కకు కట్టుకొని కూసుంటె నవ్వు రాదా? ఇద్దరం పిల్లలు లేస్తరని నోరు మూసుకొని నవ్వినం."

ఇన్నేళ్ళుగా నేను ఏడుపు అనుకొని మోస్తున్నది కట్టెల పొగ. దీపం ఆర్పిన చీకట్లో నేను నింపిందల్లా నా కథల చదువు నేర్పిన విషాదం. పేదవాళ్ళ ఇంట రాత్రి అయిందంటే దుఃఖమే ఉంటుందని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. చుక్కల వెనక ఏముందో చూడనక్కరలేని సౌకర్యం వల్ల అలా అనుకున్నాను. వాళ్ళ జీవితంలో నేను మాయం చేసింది శృంగారం ఒక్కటే కాదు, నవ్వును కూడా.

కథ మూడోసారి వ్రాశాను. ఆ రాత్రికి పట్టింది పదకొండు వాక్యాలు. బట్టల ప్రసక్తి లేదు, అంగాల పేర్లు లేవు. పగిలిన అరచేతులున్నాయి, ఆముదం గిన్నె ఉంది, నోటికి అడ్డంపెట్టుకున్న కొంగు ఉంది. ఆయన చేతులు ఎప్పుడు ముందుకొచ్చాయో కూడా ఉంది. దీపం ఆరలేదు. వనపర్తి సారుకు పంపిస్తే ఫోను చేసి, "ఇప్పుడు ఆమె ఏడ్వకున్నా నాకు ఏడుపొచ్చిందయ్యా" అన్నారు.

కనుక నాకు తేలింది ఇంతే. ఆ గదిలో పాత్రలకు ఏదో జరిగి, అది మరెక్కడా జరగడానికి వీల్లేకపోతే, తలుపు తీయక తప్పదు. ఏమీ జరగకపోతే, ఊరికే తొంగిచూడటానికైతే, తలుపు మూసే ఉంచాలి. మూసేముందు మాత్రం లోపల ఏముందో రచయితకు తెలిసి ఉండాలి. తెలిసి మూయడం వేరు, తెలియక మూయడం వేరు. ఆ తేడా పాఠకుడికి ఎలాగో అందుతుంది.

ఇంతకీ ఆ కథ అచ్చుకు ఇవ్వలేదు. చిన్నమ్మ నవ్వి ఊరుకోలేదు, ఒక షరతు పెట్టింది: "రాసుకుంటె రాసుకోమను గని, మా ఊరు పేరు మార్చుమను. మీ చిన్నాయన ఉన్నన్ని దినాలు అచ్చేయొద్దను." ఊరి పేరు మార్చాను. చిన్నాయన నిక్షేపంగా ఉన్నారు. నిండు నూరేళ్ళు ఉండాలి. కథ ఎన్నాళ్ళయినా ఆగుతుంది.

మరి ఆ పదకొండు వాక్యాల సంగతి ఇక్కడ వ్రాయడం మాట తప్పడం కాదా అంటారేమో. అడిగే వ్రాస్తున్నాను. ఈసారి నేనే అడిగాను. "చేతుల ముచ్చట చెప్పుకో, తక్కినది నీకెందుకు?" అన్నది.

తక్కినది నాకు తెలియదు. మీ కథల్లో మీరు ఆర్పిన దీపాల సంగతి ఏమిటి? వీలైతే చెప్పండి.